వంటగది ఖాళీ చేయడం కాదు, సాయంత్రం అయిదింటికి ఏముందో చూడండి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాం. నేను, మా ఆయన ఇద్దరం ఐటీ ఉద్యోగులం. బాబుకు 11 ఏళ్లు, పాపకు 7. మా అత్తగారు మాతోనే ఉంటారు. ఆవిడకు షుగర్, బీపీ ఉన్నాయి. ఒక వీడియో చూసి భయమేసి, పోయిన నెల ఒక ఆదివారం ఇంట్లో ఉన్న నూడుల్స్, బిస్కెట్లు, కార్న్‌ఫ్లేక్స్, కెచప్, ఫ్రోజెన్ పరోటాలు, పిల్లలు పాలలో కలుపుకునే పొడి అన్నీ తీసి పారేశాను. అయిదు రకాల సిరిధాన్యాలు, ముడి బియ్యం, గానుగ నూనె, బెల్లం పొడి తెచ్చాను. రెండు పూటలా కొర్రన్నమే. వారం తిరగకముందే ఇంట్లో గొడవలు మొదలయ్యాయి. మా ఆయనకు కడుపుబ్బరం, రాత్రి యాప్‌లో బిర్యానీ ఆర్డర్. బాబు పక్క ఫ్లాట్‌లో ఫ్రెండ్ ఇంటికెళ్లి నూడుల్స్ తినొస్తున్నాడు. అత్తగారు తన బిస్కెట్లు దాచి పాపకు పెడుతున్నారు. అడిగితే "పిల్ల ఆకలంటుంటే ఏం పెట్టమంటావు" అంటున్నారు. పైగా ఆవిడకు రెండుసార్లు సాయంత్రం పూట చెమటలు పట్టి కళ్లు తిరిగాయి. సరుకుల బిల్లు దాదాపు రెట్టింపయింది. అసలు ప్యాకెట్ పసుపు, కారం, దోశ పిండి కూడా ప్రాసెస్డ్ ఫుడ్డేనా? వచ్చే నెల బాబు పుట్టినరోజు, కేక్ కూడా కొనకూడదా? అంతా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మిగతావన్నీ ఆగొచ్చు, మీ అత్తగారి విషయం ఆగదు. షుగర్‌కి మందులు వాడే మనిషికి చెమటలు పట్టి కళ్లు తిరిగాయంటే మొదట అనుమానించాల్సింది షుగర్ పడిపోవడాన్ని. ఆవిడ మాత్రల్లో గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి ఉన్నా, ఇన్సులిన్ తీసుకుంటున్నా ఆ అవకాశం ఇంకా ఎక్కువ. ఆ మందులు మనం ఎంత తిన్నామో చూసుకుని పనిచేయవు. ఇన్నాళ్లూ ఆవిడ తినే అన్నం, నాలుగింటి టీ, దాని పక్కన రెండు బిస్కెట్లు, వీటన్నిటి మీదా వచ్చిన రీడింగులు చూసి డాక్టరు డోసు రాశారు. ఇప్పుడు అన్నం బదులు కొర్రలు వచ్చాయి. నచ్చక సగమే తింటున్నారేమో కనుక్కోండి. బిస్కెట్లు మనవరాలికి పోతున్నాయి. డోసు మాత్రం అంతే ఉంది.

మళ్లీ అలా అనిపిస్తే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట ఆగి మళ్లీ చూడండి. మీటర్ దగ్గర లేకపోయినా చక్కెర ఇవ్వడమే మంచిది. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏమైనా సరే, ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లి "తిండి ఇలా మార్చాం, ఇలా జరిగింది" అని చెప్పండి. షుగర్ కాకపోతే బీపీ మందు సంగతి కూడా ఆయనే చూస్తారు. మీరు మాత్ర తగ్గించకండి, ఆవిడనూ తగ్గించుకోనివ్వకండి. అప్పటిదాకా ఆవిడకు పాత అన్నమే, పాత వేళలకే. కిడ్నీ పరీక్షలు ఈమధ్య చేయించకపోతే అవీ చేయించండి. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకు పప్పులు, ఆకుకూరలు, పండ్లు కూడా లెక్క ప్రకారమే ఇవ్వాలి.

ఇక ప్యాకెట్ పసుపు, కారం, దోశ పిండి. ఏవీ మానేయక్కర్లేదు. వడ్లు దంచడం, కందులు విసరడం, పాలు తోడుపెట్టడం, మామిడికాయ ముక్కలు ఉప్పులో ఊరబెట్టడం, ఇవన్నీ ప్రాసెసింగే. ప్యాకెట్లో వచ్చిందల్లా చెడ్డదే అనుకుంటే పొద్దున్నే పాల ప్యాకెట్ కూడా ఇంట్లోకి రాకూడదు. వీడియోలు చేసేవాళ్లకు ఈ తేడా చెప్పే ఓపిక ఉండదు. భయపెడితే వచ్చినన్ని వ్యూస్ వివరంగా చెబితే రావు మరి.

బ్రెజిల్‌లో సావో పాలో విశ్వవిద్యాలయానికి చెందిన కార్లోస్ మొంటేరో బృందం తిండిని నాలుగు గుంపులు చేసింది. దాన్ని నోవా వర్గీకరణ అంటారు. బియ్యం, పప్పులు, కూరగాయలు, గుడ్లు, మాంసం, పాలు మొదటి గుంపు. వాటిని వండుకోవడానికి వాడే నూనె, నెయ్యి, ఉప్పు, చక్కెర, బెల్లం రెండో గుంపు. ఈ రెండూ కలిపి చేసి నిలవ ఉంచుకునే ఊరగాయ, పనీర్ లాంటివి మూడోది. నాలుగోదే అల్ట్రా ప్రాసెస్డ్. అంటే ఇంటి వంటగదిలో చేయలేనివి, ఫ్యాక్టరీలో పిండిపదార్థాలను, నూనెలను విడదీసి మళ్లీ కలిపి, రుచి, రంగు, నురగ, కరకర అన్నీ బయట నుంచి చేర్చినవి. బ్రెజిల్ ప్రభుత్వం 2014లో తన ఆహార మార్గదర్శకాలను ఈ పద్ధతి మీదే రాసుకుంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన మార్గదర్శకాల్లో కూడా తగ్గించమని చెప్పింది ఈ నాలుగో గుంపునే. పసుపును, కారాన్ని కాదు.

కాబట్టి దోశ పిండి ప్యాకెట్ వెనక బియ్యం, మినప్పప్పు, మెంతులు, నీళ్లు, ఉప్పు అని ఉంటే నిశ్చింతగా కొనుక్కోండి. ఉద్యోగం చేస్తూ ఆదివారం రాత్రి గ్రైండర్ తిప్పితేనే ఆరోగ్యం అని ఎవరైనా అంటే, ఆ గ్రైండర్ కడిగే పని వాళ్లకు అప్పజెప్పండి.

నాలుగో గుంపుతో ఇబ్బంది ఎక్కడుందో 2019లో వచ్చిన ఒక పరిశోధన బాగా చూపించింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 20 మందిని తమ దగ్గరే ఉంచుకుని, రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టింది. ఎదురుగా పెట్టిన పళ్లెంలో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండు వైపులా సమానంగా ఉండేలా చూశారు. ఎవరికి ఎంత కావాలంటే అంత తినమన్నారు. ప్యాకెట్ తిండి పెట్టిన వారాల్లో వాళ్లు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, దాదాపు కిలో బరువు పెరిగారు. మామూలు తిండి వారాల్లో దాదాపు అంతే తగ్గారు. ప్యాకెట్ తిండిని గబగబా తిన్నారు కూడా. మెత్తగా ఉంటుంది, నమలక్కర్లేదు, కడుపు నిండిందని మెదడుకు తెలిసేలోపే పళ్లెం ఖాళీ అవుతుంది.

వాళ్లలో ఎవరికీ తిండి మీద అదుపు లేక అలా జరగలేదు. అదే మనుషులు, పళ్లెం మారింది, తిన్నది మారింది. మీ బాబూ అంతే, మీ ఆయనా అంతే. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లను "ఏం మానేశారు" అని అడగను. "మీ ఇంట్లో ఏ వేళకు ఏది చేతికి అందుతుంది" అని అడుగుతాను. ప్యాకెట్లు మన ఇళ్లలోకి రుచి కోసం మాత్రమే రాలేదు. రోజులో కొన్ని వేళలు ఖాళీ అయ్యాయి, ఆ ఖాళీల్లోకి వచ్చి కూర్చున్నాయి.

మీ ఉత్తరంలోనే ఆ ఖాళీ ఉంది. పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఆకలితో ఉంటారు. మీరిద్దరూ ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది. ఆ మధ్య గంటల్లో ఇంట్లో ఉన్నది అత్తగారు. ఆవిడ చేతికి అందేది బిస్కెట్ ప్యాకెట్. మీరు ఆ ప్యాకెట్ తీసేసి, దాని చోట ఏమీ పెట్టలేదు. అల్మరా నిండా కొర్రలు, అరికెలు ఉన్నాయి నిజమే, కానీ ఆకలేసిన ఏడేళ్ల పిల్ల కొర్రల డబ్బా మూత తీసి తినలేదు కదా. "ఏం పెట్టమంటావు" అని మీ అత్తగారు అన్నది దెప్పిపొడుపు కాదు, సరైన ప్రశ్న.

ఇంకో సంగతి. మీరు మార్చింది మధ్యాహ్నం, రాత్రి అన్నాన్ని. మీ ఇంట్లో అంతకుముందు నుంచే బాగున్న పూటలు అవే. అన్నం, పప్పు, కూర, పెరుగు అనేది ఇంట్లో వండిన తిండే. దాంట్లో సర్దుకోవాల్సినవి ఉన్నాయి, వాటి గురించి తర్వాత చెబుతాను. కానీ నడుస్తున్న పూటలను కదిలించి, నడవని వేళను వదిలేశారు.

అందుకని మొదటి నెల సాయంత్రం మీద ఒక్కదాని మీదే పని చేయండి. అన్నం జోలికి వెళ్లకండి, పాత బియ్యమే వండండి.

రాత్రి పడుకోబోయే ముందు ఒక గ్లాసు నల్ల శనగలో, బొబ్బర్లో నానబోయండి. పొద్దున టిఫిన్ చేస్తున్నప్పుడు పక్క పొయ్యి మీద కుక్కర్ పెట్టేస్తే అవి ఉడికిపోతాయి. నీళ్లు వంచి డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. సాయంత్రం అత్తగారు చేయాల్సింది పోపు ఒక్కటే. ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, పైన కాస్త పచ్చికొబ్బరి, నిమ్మరసం. గుగ్గిళ్లనండి, గుడాలనండి, ఆకలి మీద పెడితే పిల్లలు తింటారు. టీవీ చూస్తూ ఊరికే నోరాడించే వేళ పెడితే తినరు. బడి నుంచి వచ్చి బ్యాగు పడేసిన పది నిమిషాల్లో పెట్టాలి. చాలా ఇళ్లలో ఇక్కడే తప్పుతుంది. ముందు రెండు బిస్కెట్లు ఇచ్చి, తర్వాత గుగ్గిళ్లు పెడితే ఎవరు తింటారు?

ఇంకో రోజు ఉగ్గాని. రాయలసీమవాళ్లకు నేను చెప్పేదేం లేదు. మిగతావాళ్లకు: బొరుగులు నీళ్లలో ముంచి వెంటనే పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసిన పోపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లాలి. పావుగంట పని. పక్కన మిరపకాయ బజ్జీ ఉండాలని సీమవాళ్లు పట్టుబడతారు, అది మాత్రం ఆదివారానికి ఉంచుకోండి. అటుకులు పెరుగులో నానబెట్టి పోపు పెట్టుకోవచ్చు. ఉడికించిన గుడ్డు మీద మిరియాల పొడి చల్లివ్వొచ్చు. వానల్లో మొక్కజొన్న కంకులు, పచ్చి పల్లీలు ఉడకబెట్టుకోవచ్చు. చలికాలంలో చిలగడదుంపలు, దొరికితే తేగలు. అరటిపళ్లు, జామకాయలు ఫ్రిజ్ అడుగు డబ్బాలో కాదు, బల్ల మీద కంటికి కనిపించేలా పెట్టండి. పల్లీ పట్టీ, నువ్వుండలు కూడా మంచివే, రోజుకొకటి. రెండోది అడిగితే ఇవ్వకండి. బెల్లం కూడా చక్కెర లాంటిదే. మీ అత్తగారి షుగర్‌కి బెల్లం పొడి, చక్కెర రెండూ ఒకటే అని గట్టిగా గుర్తుపెట్టుకోండి. బెల్లం టీ ఆవిడకు ఆరోగ్యం కాదు.

ఈ పని మొత్తం మీ అత్తగారికి అప్పజెప్పండి. మీరు చెప్పినట్టు ఆవిడ చేయడం కాకుండా, వారానికి ఏమేం చేద్దామో ఆవిడనే అడగండి. మీరు సరుకు తెచ్చి, నానబోసి, ఉడికించి పెట్టండి. వండి పెట్టే మనిషికి మాట చెల్లకపోతే ఏ డైట్ ప్లానూ ఇంట్లో నిలవదు, నేను చూసినంతలో. ఇంట్లో ఒక బిస్కెట్ ప్యాకెట్ కూడా ఉండనివ్వండి. చిన్నది, వారానికి ఒకటి, అందరికీ తెలిసిన చోట. దాచి పెట్టుకునే అవసరం పోతే దానికున్న విలువ కూడా సగం పోతుంది.

పొద్దున పూటకు పెద్దగా చెప్పేదేం లేదు. ఇడ్లీ, ఉప్మా, దోశ, పెసరట్టు తెలిసిన ఇంటికి కార్న్‌ఫ్లేక్స్ లేని లోటు ఉండదు. లంచ్ బాక్సులో ఫ్రోజెన్ పరోటా పోతే చపాతీలో కోడిగుడ్డు అట్టు చుట్టి పెట్టండి, లేదంటే నిమ్మకాయ పులిహోర, పక్కన వేయించిన పల్లీలు. కెచప్ బదులు ఇంట్లో టమాటా పచ్చడి.

పాలలో పొడి సంగతి వేరే. మార్కెట్లో ఉన్న చాలా పొడుల్లో బరువులో మూడో వంతుకు అటూ ఇటూగా చక్కెరే ఉంటుంది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందారులకు ఒక సూచన పంపింది. ఇలాంటి పానీయాలను "హెల్త్ డ్రింక్స్" విభాగంలో పెట్టొద్దని. ఆహార భద్రత చట్టంలో హెల్త్ డ్రింక్ అనే నిర్వచనమే లేదు కాబట్టి. కానీ పిల్లలకు ఒక్కరోజులో ఉత్త పాలు తాగడం రాదు. పొడి మళ్లీ తెచ్చినా నేను తప్పనను. రెండు చెంచాలు వేసేవాళ్లు ఒకటిన్నర, తర్వాతి వారం ఒకటి, ఆ తర్వాత అర చేయండి. పాలు మానేసే కంటే ఇది నయం.

ఇప్పుడు మీ ఆయన కడుపుబ్బరం. తెల్లన్నం తినే మనిషికి రెండు పూటలా కొర్రలు పెడితే పీచు ఒక్కసారిగా పెరుగుతుంది. పెద్దపేగులో ఉండే బ్యాక్టీరియా ఆ పీచును పులియబెట్టి గ్యాస్ వదులుతుంది. కొత్త తిండికి ఆ బ్యాక్టీరియా సర్దుకోవడానికి వారాలు పడుతుంది. అప్పటిదాకా మనిషికి ఆఫీసు మీటింగుల్లో ఇబ్బందే. పది గంటలకు బిర్యానీ తెప్పించుకున్నారంటే మీ మీద కోపంతో అనుకోకండి, ఆయనకు రాత్రి తిండి సరిపోలేదు. మిల్లెట్లు రెండో నెలలో మొదలుపెట్టండి. మొదట వారానికి రెండు పూటలు, అదీ బియ్యంలో నాలుగో వంతు కలిపి. వండే ముందు అయిదారు గంటలు నానాలి. నీళ్లు ఎక్కువ తాగాలి. ఇడ్లీ, దోశ పిండిలో బియ్యం కొంత తగ్గించి కొర్రలు వేస్తే పిల్లలకు తేడా తెలియదు, పులియడం వల్ల అరుగుదల కూడా సులభం. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ సమస్య ఉంటే సజ్జలను రోజువారీ తిండిగా పెట్టుకోకండి, వాటిలోని కొన్ని పదార్థాలు థైరాయిడ్ పనికి అడ్డుపడతాయి.

తెలుగువాళ్లం తిండి విషయంలో ఏదీ మధ్యస్తంగా చేయం. ఒక దశలో ఉప్పూ నూనే లేని కూరలు, ఇంకో దశలో కొబ్బరినూనె గ్లాసులతో తాగడం, ఆ తర్వాత సిరిధాన్యాలు తప్ప వేరే గింజ ముట్టకపోవడం. ప్రతిదాంట్లోనూ బాగుపడ్డవాళ్లు ఉన్నారు. మూడో నెలకు వదిలేసి, అంతకుముందు కంటే ఎక్కువ తిన్నవాళ్లూ ఉన్నారు. కొర్రలు మంచివే. రాగులు అంతకన్నా మంచివంటాను నేను, వంద గ్రాములకు 350 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా కాల్షియం ఇచ్చే ధాన్యం మనకు ఇంకోటి లేదు, పిల్లలకు జావగానో దోశగానో పోస్తే చాలు. జొన్నరొట్టె చేయడం రాకపోతే నేర్చుకునే పని పెట్టుకోకండి. హైదరాబాద్‌లో సాయంత్రమైతే రోడ్డు పక్కన పొయ్యిలు పెట్టి వేడివేడిగా రొట్టెలు చేసి ఇచ్చే ఆడవాళ్లు కాలనీకొకరు ఉన్నారు. నాలుగు కొనుక్కొచ్చి ఇంట్లో పప్పుతో తినండి. బయట కొన్న తిండి అంతా జంక్ కాదు.

అన్నం విషయంలో సర్దుకోవాల్సింది ఉందన్నాను. గింజ కంటే ముందు పళ్లెంలో పాళ్లు చూడండి. పోషకాహార సంస్థ లెక్కలో 2,000 కేలరీలు కావాల్సిన మనిషికి రోజు మొత్తానికి బియ్యం, గోధుమలు, మిల్లెట్లు అన్నీ కలిపి పచ్చివి 250 గ్రాములు. కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు. పప్పులు 85, పండ్లు 100, పల్లీలు, నువ్వుల లాంటివి 35, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు. మాంసాహారులైతే పప్పుల్లో కొంత భాగం గుడ్డో, చేపో, కోడో అవుతుంది. మన ఇళ్లలో ఇది తలకిందులుగా ఉంటుంది, అన్నం గుట్టగా, కూర నంజుడుగా. తోటకూర, బచ్చలి, పాలకూర పప్పులో వేసి వండితే పప్పు, ఆకుకూర రెండూ ఒకే గిన్నెలో అయిపోతాయి. అదే తెల్లన్నం, కాస్త తగ్గించి, కూర రెట్టింపు వడ్డించినా మీరు కోరుకున్న మార్పు చాలావరకు వస్తుంది. రెండు పూటలా కొర్రన్నం పెట్టి కూర పాతంతే వేస్తే రాదు.

ఉప్పు గురించి ఒక మాట, ఎందుకంటే ఇంటి వంట అనగానే మనం కళ్లు మూసుకుంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాములలోపు ఉప్పు అంటుంది, అంటే 2,000 మిల్లీగ్రాముల సోడియం. ఒక్క నూడుల్స్ ప్యాకెట్‌తో అందులో మూడో వంతో, సగమో అయిపోతుంది. నిజమే. కానీ రోజూ ఆవకాయ, అప్పడం, పైన వడియాలు ఉన్న పళ్లెం కూడా తక్కువ తినలేదు. మీ అత్తగారికి బీపీ ఉంది కాబట్టి ఊరగాయ మెతుకు మెతుక్కీ కాకుండా రెండు ముద్దలకే పరిమితం చేయమనండి. పూర్తిగా మానమని మాత్రం నేను చెప్పలేను, చెప్పినా వినరు.

మీరు ఇప్పుడు పడబోయే ఇంకో గుంట ఉంది. నూడుల్స్ మానేసినవాళ్లు మిల్లెట్ నూడుల్స్ కొంటారు, బిస్కెట్లు మానేసినవాళ్లు రాగి బిస్కెట్లు కొంటారు. డబ్బా ముందువైపు చదవకండి, వెనక్కి తిప్పండి. మన దేశంలో పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువ వరుసలో రాయాలని నియమం. రాగి బిస్కెట్ వెనక మొదటి మాట మైదా, రెండోది చక్కెర, మూడోది పామాయిల్, రాగి ఎక్కడో 10 శాతం అని ఉంటే అది మైదా బిస్కెట్టే. బ్రౌన్ బ్రెడ్ రంగు గోధుమల వల్ల వచ్చిందా, క్యారమెల్ రంగు వల్ల వచ్చిందా అన్నది కూడా అక్కడే తెలుస్తుంది. "చక్కెర కలపలేదు" అని ఉన్నా మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం ఉందేమో చూడండి, అది రక్తంలో షుగర్‌ను గబగబా పెంచుతుంది. సోడియం అంకెను రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో వస్తుంది. వీడియోల్లో 621 నంబరు చూపించి భయపెడతారు. అది అజినోమోటో, మామూలు మోతాదులో విషం కాదు. నూడుల్స్‌లో చూసుకోవాల్సింది మైదా, పామాయిల్, ఉప్పు.

పేరు ఎంత మోసం చేయగలదో హైదరాబాద్‌వాళ్లకు బాగా తెలియాలి. చక్కెర నిండిన పానీయాలను ఓఆర్‌ఎస్ పేరుతో, మందుల షాపుల్లోనే అమ్ముతుంటే ఇక్కడి పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లేని పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. విరేచనాలు అయ్యే పిల్లలకే అలాంటివి అమ్మగలిగినప్పుడు బిస్కెట్ మీద "మల్టీగ్రెయిన్" అని రాయడం వాళ్లకు ఎంత పని?

బిల్లు గురించి. రెట్టింపవడానికి కారణం పప్పులు, కూరగాయలు కాదు. ఆర్గానిక్ షాపులో అయిదు రకాల మిల్లెట్లు, గానుగ నూనె, బెల్లం పొడి, ఆపైన రాత్రి బిర్యానీలు. రాగులు, జొన్నలు మామూలు కిరాణాలోనే దొరుకుతాయి, ఒకేసారి ఒకటి తెచ్చుకుని అయ్యాక ఇంకోటి తేవచ్చు. కూరగాయలకు వారానికోసారి మీ దగ్గరి రైతు బజార్‌కి వెళ్లండి. ముడి బియ్యం ఇప్పుడున్నవి రెండో నెలలో ముందు వాడేయండి, పై పొరలో నూనె ఉంటుంది కాబట్టి ఎక్కువ నెలలు ఉంచితే ముక్క వాసన వస్తుంది. నూనె గానుగదైనా రిఫైన్డ్‌దైనా కేలరీలు ఒకటే. పోషకాహార సంస్థ లెక్క మనిషికి రోజుకు 27 గ్రాములు, అంటే నెలకు 800 గ్రాముల చొప్పున. పిల్లలతో కలిపి మీ అయిదుగురికి నెలకు నాలుగు కిలోలు, అంటే దాదాపు నాలుగున్నర లీటర్ల లోపే సరిపోవాలి. ఇప్పుడు ఎన్ని క్యాన్లు అవుతున్నాయో చూసుకోండి. నా అంచనా, మీరు ఖరీదైన నూనెకు పెడుతున్న డబ్బు నూనె తగ్గించుకుంటేనే సగం మిగులుతుంది.

బాబు పక్క ఫ్లాట్‌లో నూడుల్స్ తినడం గురించి మీరు చేయాల్సింది ఏమీ లేదు. ఫ్రెండ్ వాళ్ల అమ్మకు ఫోన్ చేయకండి. వాడిని నిలదీయకండి, తిట్టకండి. ఇంట్లో అయిదింటికి కడుపు నిండితే వాడు అక్కడికి ఆడుకోవడానికి వెళ్తాడు, తిన్నా తక్కువ తింటాడు. వాడికి 11 ఏళ్లు కాబట్టి ఒక పని చేయొచ్చు. సూపర్ మార్కెట్‌కి తీసుకెళ్లి ప్యాకెట్ల వెనక చక్కెర ఎంతుందో లెక్క కట్టమనండి. కూల్‌డ్రింక్ మీద వంద మిల్లీలీటర్లకు 10 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది, సీసా అంతటికీ ఎంతో వాడినే గుణించమనండి. ఈ వయసు పిల్లలకు కంపెనీ మోసం పట్టుకోవడం సరదా. అమ్మ చెప్పిన నీతులు కాదు.

కేక్ తప్పకుండా కొనండి. పుట్టినరోజు నాడు మైదా, చక్కెర గురించి ఎవరూ మాట్లాడొద్దు, ముఖ్యంగా మీరు. రాగి కేక్, ఖర్జూరం కేక్ లాంటి ప్రయోగాలు వాడి ఫ్రెండ్స్ ముందు చేయకండి, ఏడాదంతా గుర్తుపెట్టుకుంటాడు. ఏ కేక్ కావాలో వాడినే ఎంచుకోనివ్వండి. అత్తగారికి చిన్న ముక్క ఇవ్వండి, ఆ పూట అన్నం కాస్త తగ్గించి. డాక్టరును కలిసినప్పుడు ఆ రోజు గురించి కూడా ముందే అడిగి పెట్టుకోండి. మిగిలిన కేక్‌ను ఫ్రిజ్‌లో పెట్టుకోకుండా, వచ్చిన పిల్లలకే తలా ఒక ముక్క పొట్లం కట్టి ఇచ్చి పంపేయండి.